ముత్యాల దండ ఎంత పొడుగుండాలి? ఎప్పుడూ అడిగే ప్రశ్నలు, నా జవాబులు

చెన్నైలో పశ్చిమ మాంబళంలో మా ఇంట్లోనే ముత్యాలు గుచ్చి ఇస్తుంటాను. పాత దండలు తెచ్చేవాళ్ళు, కొత్తవి చేయించుకునేవాళ్ళు, పెళ్ళి చీరలకని నెల్లూరు నుంచీ తిరుపతి నుంచీ టీ నగర్ వచ్చి పనిలో పనిగా ఇటొచ్చేవాళ్ళు, ఎవరొచ్చినా తిప్పి తిప్పి అవే ప్రశ్నలు అడుగుతారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, దండ పొడుగు జాకెట్టు మెడని చూసి తేల్చుకోవాలి. షాపులో అందరూ ముత్యం సైజు, మెరుపు, రేటు అన్నీ గంటసేపు చూసి, పొడుగు సంగతి మాత్రం బిల్లు వేసేటప్పుడు అడుగుతారు, ఆ తర్వాత ఇంటికెళ్ళి వేసుకుంటే ఏ చీర మీదా కుదరట్లేదు అంటారు.

చోకర్, ప్రిన్సెస్, మాటినీ, ఓపెరా అంటున్నారు, ఏది ఎన్ని అంగుళాలు?

గొంతుని పట్టుకుని ఉండే కాలర్ 12, 13 అంగుళాలు, ఇది సాధారణంగా మూడు నాలుగు పేటలతో చేస్తారు. చోకర్ 14 నుంచి 16. ప్రిన్సెస్ 17 నుంచి 19, షాపులో ఊరికే నెక్లెస్ చూపించండి అంటే చాలావరకు తీసేది ఈ 18 అంగుళాలదే. మాటినీ 20 నుంచి 24, ఓపెరా 28 నుంచి 36, ఆ పైనవన్నీ రోప్. మరి 25, 26, 27 ఎక్కడికి పోయాయి అని అడక్కండి, ఒక్కో షాపువాళ్ళు ఒక్కోలా కలుపుకుంటారు, కొందరు ఓపెరాని 26 నుంచే మొదలుపెడతారు. అందుకే ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పేరు చూసి నొక్కేయకుండా అంగుళాలు ఎంత రాశారో చూడండి, ఆ అంగుళాల్లో హుక్కు కలిపి చెప్పారా, వెనకాల చైన్ కూడా కలిపేశారా అన్నది కూడా అడగండి. 18 అని రాసి అందులో మూడంగుళాలు వెనక చైనే ఉంటే మీకు ముత్యాలు వచ్చేది 15 అంగుళాలే కదా.

ఏ పొడుగు నాకు ఎక్కడ పడుతుందో ఇంట్లోనే ఎలా చూసుకోవాలి?

కాస్త లావు దారం తీసుకోండి, ఊలు దారం బెస్ట్, కుట్టు దారం అయితే బరువుండదు కాబట్టి ఒంటికి అంటుకుపోయి ఎక్కడ పడేదీ తెలీదు. నైటీ మీద చూడొద్దు, ఏ జాకెట్టు మీద వేసుకుంటారో ఆ జాకెట్టు వేసుకుని అద్దం ముందు నిలబడి, దారం మెడ చుట్టూ వేసి రెండు కొసలూ వెనకాల పట్టుకుని పైకీ కిందికీ జరుపుకుంటూ చూడండి, నచ్చిన చోట ఆగినప్పుడు వెనక కొసలు కలిసే దగ్గర ముడేసి తీసి స్కేలు పక్కన పెట్టి కొలవండి. ఇంట్లో ఇంకెవరైనా ఉంటే వాళ్ళని పట్టుకోమనండి, మనమే చేతులు వెనక్కి ఎత్తితే భుజాలు లేస్తాయి, దారం పైకి పోతుంది, కొలత అరంగుళం తప్పుతుంది. కూర్చుని కూడా ఒకసారి చూసుకోండి, పెళ్ళికెళ్ళినా డిసెంబర్‌లో సంగీత సభల్లో కచేరీకెళ్ళినా సగం పైన కూర్చునే ఉంటాం.

దండని ఒక అంగుళం కిందికి దింపాలంటే సుమారు రెండంగుళాలు పెంచాలి, పెంచింది రెండు పక్కలకీ సమంగా పోతుంది కాబట్టి. చాలామంది కాస్త కిందికి పడాలి అని అరంగుళం పెంచమంటారు, పెంచి ఇచ్చాక ఏం తేడా లేదే అంటారు, తేడా ఎలా ఉంటుంది, పావంగుళం దిగింది అంతే.

చోకర్ కావాలంటే మాత్రం మెడ చుట్టుకొలత కావాలి. ఆడవాళ్ళలో ఎక్కువమందికి 13, 14 అంగుళాల దగ్గర ఉంటుంది, దానికి రెండంగుళాలు కలిపితే గొంతు కింద గుంట దగ్గర హాయిగా కూర్చుంటుంది. కలపకుండా మెడ కొలతకే చేయిస్తే మింగుడు పడదు, నిజంగానే.

ఒక్కటే కొనగలను, ఏ పొడుగు కొనాలి?

18 అంగుళాలు, వెనకాల రెండంగుళాల చైన్ పెట్టించుకోండి, అప్పుడు 18 నుంచి 20 దాకా ఎక్కడైనా తగిలించుకోవచ్చు. చీర, చుడీదార్, ఆఫీసు షర్టు అన్నిటికీ పనికొస్తుంది, అమ్మాయిలకీ అమ్మమ్మలకీ బావుంటుంది. అయితే ఒక మినహాయింపు ఉంది, మీ బీరువాలో జాకెట్లన్నీ బోట్ నెక్ అయితే 18 వద్దు, మొదటిదే 24 తీసుకోండి. ఈ మధ్య వస్తున్న పాతికేళ్ళ పిల్లలకి నేను చెప్పేది 24 అనే, వాళ్ళ అమ్మలు ఒప్పుకోరు, మా కాలంలో మెడకి పట్టే వేసుకునేవాళ్ళం అంటారు, వాళ్ళ కాలంలో జాకెట్టు మెడ కిందికి ఉండేది మరి.

ఏ జాకెట్టు మెడకి ఏ పొడుగు?

దీని మీదే ఎక్కువ చెప్పాలి. చూసుకోవాల్సిందేంటంటే దండ అంచూ జాకెట్టు అంచూ ఒకదాని మీద ఒకటి పడకూడదు. ఒకటి పైన, ఒకటి కింద, మధ్యలో కనీసం రెండు వేళ్ళ జాగా. దండ సగం ఒంటి మీద సగం గుడ్డ మీద ఉంటే ఎంత ఖరీదైన ముత్యాలైనా జారిపోయి ఇరుక్కున్నట్టు ఉంటుంది, మాటిమాటికీ చెయ్యి మెడ మీదికే పోతుంది.

పాట్ నెక్, డీప్ రౌండ్ నెక్ అయితే మెడ కింద బోలెడు జాగా ఉంటుంది, 16 నుంచి 18 అంగుళాలు, రెండు మూడు పేటలు వేసినా నిండుగా ఉంటుంది. స్క్వేర్ నెక్‌కి 16 నాకిష్టం, గుండ్రంగా పైన ఆగిపోతుంది. వీ నెక్‌కి ఒక్క పేట 18, 20, మధ్యలో లాకెట్టు ఉంటే ఆ బరువుకి దండ కూడా వీ లాగా సాగుతుంది. బోట్ నెక్ మీద 18 వేస్తే సరిగ్గా గుడ్డ అంచు మీదే పడుతుంది, చెప్పానుగా, అదే వద్దనేది. బోట్ నెక్‌కి అయితే గొంతుకి పట్టే చోకర్, లేదంటే 24, ఆ పైనది. హై నెక్‌కీ కాలర్ నెక్‌కీ చోకర్ కూడా కుదరదు, 28, 30, 32 చూడండి.

మగ్గం వర్క్ జాకెట్లు ఇంకో తలనొప్పి. ముత్యం చాలా మెత్తటిది, గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద రెండున్నర నుంచి నాలుగున్నర మధ్యలో ఉంటుంది, జర్దోసీ తీగ, కుందన్ అంచులు, కట్ వర్క్ పూసలు అన్నీ దాన్ని గీరేస్తాయి. నా దగ్గరికి తిరిగి గుచ్చడానికి వచ్చే దండల్ని దీపం కింద తిప్పి చూస్తే ముందువైపు, గుండెల దగ్గర పడే పది పన్నెండు ముత్యాలకే సన్న గీతలుంటాయి, వెనక మెడ మీదివి నున్నగానే ఉంటాయి. మెడ చుట్టూ వర్క్ ఉంటే దానికి పైనే ఆగే 15, 16 అంగుళాలది వేసుకోండి, లేదా ఆ చీర రోజు ముత్యాల్ని ఇంట్లో ఉంచి జాకెట్టు వర్క్ చూపించుకోండి, అదీ నగే కదా.

కంచి పట్టుచీరకి పెద్ద పైట ఎడమ భుజం మీద కుచ్చిళ్ళు పెట్టి పిన్ను పెడతాం, పొడుగు దండ పైట లోపల వేస్తే సగం మాయం, కుడి పక్క మాత్రం కనబడుతుంది. పైట పిన్ను పెట్టేశాక చివర్లో దండ వేసుకోండి, పైకి కనబడేలా. బరువైన జరీ పైట మీద 30 అంగుళాల ఒంటి పేట బాగా నిలుస్తుంది, మెత్తటి షిఫాన్ మీద జారుతుంది.

నాది పొట్టి మెడ, చోకర్ వేసుకోకూడదా?

వేసుకోండి, ఎవరొద్దన్నారు. మెడ పొడుగ్గా కనబడాలి అనుకుంటే మాత్రం 20 నుంచి 24 బాగుంటుంది, అదీ సన్న ముత్యాలతో. ఒళ్ళు నిండుగా ఉన్నవాళ్ళు 26, 28 దగ్గర ఆగే దండ కొనేముందు ఒకసారి దారంతో చూసుకోండి, అది సరిగ్గా గుండెల మీద ఆగి నడుస్తుంటే ఊగుతుంది, దానికంటే పైన 20 లోపు ఆగేదో, బాగా కిందికి 34, 36 దాకా వెళ్ళేదో తీసుకుంటే హాయి. చంటిపిల్లల తల్లులు మాత్రం ఒక ఏడాది పొడుగు దండల జోలికి పోవద్దు, పిల్ల లాగితే దారం తెగాల్సిందే.

నాకూ చెల్లికీ ఒకే మెడ కొలత, ఇద్దరివీ 16 అంగుళాల దండలే, తనది వదులుగా నాది బిగుతుగా ఎందుకుంది?

ముత్యం లావు చూడండి, మీది పెద్ద ముత్యాలై ఉంటాయి. దండ పొడుగు కొలిచేది ముత్యాల మధ్యలో పోయే దారం వెంబడి, మెడకి తగిలేది ముత్యం లోపలి వైపు. 5 ఎమ్ఎమ్ ముత్యాలైతే లోపలి చుట్టు అరంగుళం పైన తగ్గుతుంది, 10 ఎమ్ఎమ్ అయితే అంగుళం పైనే తగ్గిపోతుంది. అందుకని పెద్ద ముత్యాలు తీసుకునేవాళ్ళకి నేను ఎప్పుడూ ఒక అంగుళం పెంచే గుచ్చుతాను, సౌత్ సీ అనే పెద్ద రకం సముద్రపు ముత్యాలు ఎలాగూ తొమ్మిది పది ఎమ్ఎమ్ పైనే ఉంటాయి కాబట్టి వాటిని 16 కి చేయించుకుంటే గొంతు నొక్కినట్టే ఉంటుంది, 18 చేయించుకోండి.

16 అంగుళాల లైను కొన్నాను, గుచ్చించాక 18 దగ్గరికి వచ్చింది, ఏదైనా కలిపేశారా?

లేదండీ, ముడులు. షాపులో అమ్మే లైను తాత్కాలికంగా గుచ్చినది, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి ఉండదు. మంచిగా గుచ్చేటప్పుడు ప్రతి ముత్యం తర్వాత ఒక ముడి వేస్తాం, తెగినా ఒక్కటే రాలుతుంది, పైగా ఒకదానికొకటి ఒరుసుకోవు. ఒక్కో ముడి అర ఎమ్ఎమ్ అనుకున్నా యాభై అరవై ముడులకి అంగుళం దాకా వచ్చేస్తుంది, పైన హుక్కు అరంగుళం. కాబట్టి 16 లైను కొంటే 17న్నర, 18 వస్తుందని లెక్కేసుకోండి. అచ్చంగా 16 చోకరే కావాలంటే కొన్ని ముత్యాలు మిగులుతాయి, వాటిని అడిగి తీసుకోండి, చెవులకి పనికొస్తాయి.

18 అంగుళాల దండకి ఎన్ని ముత్యాలు పడతాయి, బరువెంత?

ముడులతో కలిపి 7 ఎమ్ఎమ్ అయితే 60 దాకా, బరువు 30 గ్రాములు. 4 ఎమ్ఎమ్ అయితే వంద, 10 ఎమ్ఎమ్ అయితే నలభై పైన, బరువు 60 గ్రాముల దగ్గరికి పోతుంది. 36 అంగుళాలకి దీనికి రెట్టింపు వేసుకోండి. 10 ఎమ్ఎమ్ ముత్యాల 36 అంగుళాల దండ అంటే 120 గ్రాములు మెడ మీద, రాత్రి రిసెప్షన్ అయ్యేసరికి మెడ నొప్పి వస్తుంది. పొడుగు పెరిగేకొద్దీ ముత్యం సైజు తగ్గించండి, జేబుకీ మంచిది, మెడకీ మంచిది.

గుచ్చడానికి ఎవరికిచ్చినా ముందు మీ ఎదురుగా లెక్కపెట్టించండి. మా చుట్టాలావిడ ఒక పెద్ద షాపులో ఇచ్చి తీసుకుంటే దండ పొట్టిదై వచ్చింది, అడిగితే పాత దారం సాగి ఉండేదమ్మా అన్నారు, అదీ నిజమే కావచ్చు, లెక్క రాసుకోలేదు కాబట్టి గట్టిగా అడగడానికి లేదు. సంఖ్య, పొడుగు, బరువు మూడూ రసీదు మీద రాయించుకోండి.

రెండు పేటలు, మూడు పేటలు చేయించుకుంటే పొడుగు ఎలా లెక్కేయాలి?

అన్నీ ఒకే పొడుగు చేయిస్తే ఒకదాని మీదొకటి ఎక్కి చిక్కుపడతాయి. లోపలి పేట కంటే బయటి పేట ఇంచుమించు అంగుళం పెరగాలి, మామూలు 6, 7 ఎమ్ఎమ్ ముత్యాలకి 16, 17, 18 అలా. ముత్యాలు లావైతే తేడా ఇంకా పెంచాలి. మీరు చెప్పే పొడుగు లోపలి పేటదా బయటి పేటదా అనేది గుచ్చేవాళ్ళకి స్పష్టంగా చెప్పండి, గొడవలన్నీ ఇక్కడే వస్తాయి.

పేటల దండ అంటే మన హైదరాబాద్ నిజాముల నగల్లో సత్‌లడా గుర్తొస్తుంది, పర్షియన్ గల్ఫ్ నుంచి వచ్చే బస్రా ముత్యాల ఏడు పేటల హారం. నిజాం నగల్ని 1995లో కేంద్ర ప్రభుత్వం సుమారు 218 కోట్లకి కొన్నది, మొత్తం 173 నగలు, అందులో ఇదొకటి, సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శన పెట్టినప్పుడు చూసినవాళ్ళు ఇప్పటికీ దాని గురించే చెబుతారు. అది చూసి ఏడు పేటలు చేయించుకుంటామని వస్తే మాత్రం నేను మూడు దగ్గర ఆపుతాను, ఏడు పేటలు మోయాలంటే మెడ పొడుగుండాలి, భుజాలు వెడల్పుండాలి, రోజంతా కుర్చీలో కూర్చునే పనై ఉండాలి.

ఒక పొడుగు దండ కొనడం మంచిదా, రెండు పొట్టివా?

ఒకటి పొడుగుది, 36 అంగుళాలు. మడిచి వేస్తే 18 అంగుళాల రెండు పేటల నెక్లెస్, విప్పితే హై నెక్ మీదికి, ముందు ఒక ముడి వేసి వదిలితే అదొక స్టైల్. 32 అయితే మడిచినప్పుడు 16 వస్తుంది, చోకర్ ఇష్టమున్నవాళ్ళకి అది. ఇంకో ఉపాయం, 25 అంగుళాల దండలో రెండు చోట్ల హుక్కులు పెట్టిస్తే విడదీసినప్పుడు 18 అంగుళాల నెక్లెస్, 7 అంగుళాల బ్రేస్‌లెట్ వస్తాయి, ఇది నాకు చాలా ఇష్టమైన పని.

ఖరీదు విషయంలో ఒకటి గమనించండి, పొడుగు రెండింతలైతే రేటు రెండింతలకంటే ఎక్కువే కావచ్చు, ఎందుకంటే రంగు, మెరుపు, గుండ్రన కలిసే ముత్యాలు వంద పైన వెతకాలి. అందుకే పొడుగు దండకి మంచినీటి ముత్యాలు, అంటే చెరువుల్లో పెంచేవి, బియ్యపు గింజ ఆకారంవి చాలు, సముద్రంలో పెంచే అకోయా లాంటివి 18 లో పెట్టుకోండి. అకోయా ఎక్కువగా 6 నుంచి 8 ఎమ్ఎమ్ ఉంటాయి, ఆ సైజు ఆ పొడుగుకి దిద్దినట్టు సరిపోతుంది.

హుక్కు బంగారంది పెట్టించుకుంటే హాల్‌మార్క్ అడుగుతున్నారు కొందరు. రెండు గ్రాముల లోపు బంగారానికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, చిన్న హుక్కులన్నీ ఆ లోపే ఉంటాయి, కాబట్టి నమ్మకమైన చోట చేయించుకోవడమే.

నల్లపూసలు, పుస్తెల తాడు ఉంటాయి కదా, వాటితో ముత్యాలు ఎలా వేసుకోవాలి?

పుస్తెల తాడు చాలామంది లోపలికే వేసుకుంటారు, దాని గొడవ లేదు. నల్లపూసలు 18 అయితే ముత్యాలు 18 వేయకండి, రెండూ పెనవేసుకుని వెనకాల హుక్కుల దగ్గర జుట్టుతో సహా చిక్కుబడతాయి, బాత్రూమ్ అద్దం ముందు నిలబడి విప్పుకుంటూ ఉండాలి. మధ్యలో బెత్తెడు ఎడం ఉండాలి, అంటే దండల పొడుగులో కనీసం ఐదారంగుళాల తేడా. నల్లపూసలు 18 అయితే ముత్యాలు 24, నల్లపూసలు పొడుగువి 26, 28 అయితే ముత్యాలు 16. కాసుల పేరు, చంద్రహారం వేసేరోజు ముత్యాలు మెడకి పట్టే ఒంటి పేటే చాలు. గుట్టపూసల హారం వేస్తే ఇంకే ముత్యాలూ వద్దు, దానికే అంచంతా సన్న ముత్యాల గుత్తులు వేలాడుతుంటాయి, పక్కన నున్నటి గుండ్రటి దండ వేస్తే రెండూ వెలవెలబోతాయి.

బంగారం గొలుసుతో కలిపి వేస్తే గీతలు పడవా? పడతాయి. ముత్యాలు పైకి, గొలుసు దానికి తగలనంత కిందికి ఉండేలా పొడుగులు పెట్టుకుంటే తగ్గుతుంది.

పెళ్ళికొడుకుకి ముత్యాల హారం ఎంత ఉండాలి?

షేర్వానీకి మూసి ఉండే బంద్‌గలా మెడ ఉంటుంది, మగవాళ్ళ మెడ 15, 16 అంగుళాలు, కాలర్ మందం వేరే. లోపలి పేట 24, బయటి పేట 28, 30 ఉంటే బొత్తాల వరసకి రెండు పక్కలా చక్కగా పడుతుంది. మూడు పేటలు, సన్నవి, 4 ఎమ్ఎమ్. తర్వాత దాన్ని విప్పి పెళ్ళికూతురికి రెండు దండలు చేయించుకోవచ్చు, చేయించుకుంటున్నారు కూడా, పెళ్ళికొడుకు మళ్ళీ అడిగిన దాఖలా లేదు.

హైదరాబాద్‌లో కొంటే మంచిదా, చెన్నైలోనా? తూత్తుకుడి ముత్యాలు దొరుకుతాయా?

పొడుగుకీ ఊరికీ సంబంధం లేదు గానీ అందరూ అడుగుతారు కాబట్టి చెబుతున్నా. హైదరాబాద్ ముత్యాలకి పేరొచ్చింది అక్కడ పండినందుకు కాదు, ఒకప్పుడు పర్షియన్ గల్ఫ్ నుంచి బస్రా ముత్యాలు వచ్చి చేరేవి, వాటికి తూట్లు వేయడం, ఏరడం, గుచ్చడం అక్కడ వృత్తి, చార్మినార్ పక్కన పత్తర్‌గట్టీలో ఇప్పటికీ వరసగా ముత్యాల షాపులే. ఇప్పుడు అక్కడైనా ఇక్కడైనా ఎక్కువ సరుకు చైనా మంచినీటి ముత్యాలే. ఒకేసారి చాలా లైన్లు ముందేసుకుని రంగు కలిపి ఏరుకోవాలంటే హైదరాబాద్ మేలు, గుచ్చించుకోవడానికి, రెండు మూడు సార్లు వేసి చూసి పొడుగు సరిచేయించుకోవడానికి మనం ఉండే ఊరే మేలు. లైన్లు అక్కడ కొని గుచ్చకుండా తెచ్చుకోండి.

తూత్తుకుడి సంగతి, అక్కడ మన్నార్ సింధుశాఖలో పాండ్యుల కాలం నుంచీ ముత్యపు చిప్పల వేట ఉండేది, కొర్కై రేవు దానికి పేరుమోసింది. 1961 తర్వాత ఆ వేట ఆగిపోయింది. 1973లో అక్కడే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు ముత్యాన్ని పెంచి చూపించారు గానీ అది పరిశోధన కోసం. కాబట్టి బీచ్ దగ్గర బల్ల మీద పరిచి తూత్తుకుడి ముత్యాలు వంద రూపాయలు అంటే నవ్వి ముందుకు నడవండి.

18 చేయించుకున్నా, ఏడాదికి 19 అయింది. ముత్యాలు పెరుగుతాయా?

దారం సాగింది. చెన్నైలో ఇది మామూలే, చెమట, ఉప్పుగాలి, పైన పౌడరు, సెంటు, అన్నీ పట్టుదారానికే పడతాయి. దండని వెలుతురుకి పట్టుకుని చూడండి, ముత్యానికీ ముడికీ మధ్య దారం కనబడుతోందంటే, ముడుల దగ్గర నల్లబడిందంటే మార్చే టైమ్ వచ్చింది. తరచుగా వేసుకునేవాళ్ళు ఏడాదికోసారి, ఎప్పుడో పెళ్ళిళ్ళకి వేసేవాళ్ళు రెండు మూడేళ్ళకోసారి. పొడుగు దండ బరువెక్కువ కాబట్టి ముందు సాగుతుంది, దాన్ని హుక్కుకి వేలాడదీస్తే ఇంకా తొందరగా, పడుకోబెట్టి మెత్తటి గుడ్డ సంచిలో పెట్టండి. జిప్‌లాక్ కవర్లో బిగించి లాకర్‌లో పడేయడం వద్దు, అప్పుడప్పుడూ తీసి వేసుకుంటూ ఉండండి.

మెడకి పట్టే దండకి చెమట ఇంకా ఎక్కువ, ఏప్రిల్, మే నెలల్లో నేనైతే చోకర్ తీయను, 22, 24 జాకెట్టు మీద పడేవి వేసుకుంటా, ఒంటికి తగిలేది వెనక మెడ దగ్గరే కదా. ఇంటికి రాగానే తడి పిండేసిన మెత్తటి నూలు గుడ్డతో తుడిచి ఫ్యాన్ కింద ఆరనివ్వండి. నిమ్మరసం, వెనిగర్, నగల లిక్విడ్ ఏదీ తగలనివ్వకండి, ముత్యం సున్నపు పదార్థం, పులుపుకి కరుగుతుంది.

అమ్మమ్మ దండ 14 అంగుళాలే ఉంది, 18 చేయాలంటే?

కొత్త ముత్యాలు కలపొద్దు. యాభై అరవై ఏళ్ళ ముత్యాలకి వెన్న రంగు పట్టి ఉంటుంది, కొత్తవి పక్కన పెడితే తెల్లగా పళ్ళికిలిస్తాయి. దానికి బదులు వెనకవైపు బంగారు గుళ్ళు గానీ పగడాలు గానీ కలిపి గుచ్చుకోండి, మెడ వెనకాల కాబట్టి కావాలని చేసినట్టే ఉంటుంది, లేదా వెనక నాలుగంగుళాలు చైన్. అంతకంటే తేలిక, పట్టుతాడు కట్టించి జరుపుకునే ముడి వేయిస్తే 16 నుంచి 22 దాకా ఎక్కడైనా ఆగుతుంది. పాత దండలు చాలావాటిలో మధ్యలో లావు ముత్యం, వెనక్కి పోయేకొద్దీ సన్నవి ఉంటాయి, అలాంటివి విప్పేముందు ఫోటో తీసి, వరస చెడకుండా గాడి ఉన్న బోర్డు మీదే విప్పమనండి. ఒకసారి గిన్నెలో పోస్తే మళ్ళీ ఆ వరస రాదు.

నాలుగైదు దండలు నెమ్మదిగా కూడబెట్టుకుందామనుకుంటున్నా, ఏ వరసలో కొనాలి?

ముందు 18, ఒంటి పేట, 6, 7 ఎమ్ఎమ్ తెల్లవి. తర్వాత 36, మంచినీటి ముత్యాలు, మడిచేదానికి కూడా. మూడోది 24, దీంట్లో కాస్త రంగు, లేత గులాబీ గానీ బూడిద గానీ. నాలుగోది చోకర్, రెండు మూడు పేటలు, అప్పటికి మీకు ఏ మెడ జాకెట్లు ఎక్కువో తెలిసిపోతుంది కాబట్టి కొలత తప్పదు. ఐదోది మీ ఇష్టం. చాలామంది చోకర్‌తో మొదలుపెడతారు, పెళ్ళి ఆల్బమ్‌లో బాగుంటుందని, తర్వాత అది డబ్బాలో ఉండిపోతుంది. ఒకే పొడుగువి రంగులు మార్చి నాలుగు కొన్నవాళ్ళూ ఉన్నారు, నాలుగూ ఒకే చీరకి పోటీపడతాయి, మిగతా చీరలు బోసిగా ఉంటాయి.

పిల్లలకి ఎంత?

ఐదారేళ్ళ పిల్లకి 12, 13, వెనక చైన్ మూడంగుళాలు. మూడేళ్ళ లోపు పిల్లలకి వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

కొలత అడక్కుండా గిఫ్ట్ ఇవ్వాలి, ఎంత తీసుకోవాలి?

18, వెనక చైన్ మూడంగుళాలు, ఎవరికైనా సరిపోతుంది. అత్తగారికైతే 22, ఆ వయసు వాళ్ళు ఎక్కువగా మెడకి పట్టేవి ఇష్టపడరు, పైగా వెనక హుక్కు చిన్నదైతే వేళ్ళు తిరగవు, పెద్ద హుక్కో అయస్కాంతం హుక్కో పెట్టించండి, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి మాత్రం అయస్కాంతం వద్దు. పొడుగు మార్చి ఇస్తారా అని కొనేటప్పుడే షాపులో అడిగి బిల్లు వెనక రాయించుకోండి, గుచ్చేశాక వాపసు తీసుకోం అనే బోర్డు చాలా చోట్ల క్యాష్ కౌంటర్ పైన ఉంటుంది, అది మనం డబ్బు కట్టాకే కనబడుతుంది.